బండి బ్యాటరీ మనమే మార్చుకుందాం
(మహిళల సమావేశంలో చేపల వ్యాపారం చేసే ఒక అక్క చెప్పిన మాటలు)



మా ఊరు ఉప్పాడ దగ్గర, సముద్రం ఒడ్డున. నాకు అక్షరాలు వచ్చింది పెద్దయ్యాకే, మీలాగే. నా చేత ఉపన్యాసం చెప్పించడమేమిటో! మా మోటారు సైకిల్ బ్యాటరీ నేనే మార్చానని ఎవరో చెప్పారట. అదెలాగో చెప్పమన్నారు. చెబుతాను.

మా ఆయన వేటకు వెళ్తాడు. నేను తెల్లవారుజామున రేవులో పాట పాడి చేపలు కొంటాను. మా తమ్ముడు బండి మీద నన్నూ, తట్టనూ సంతకు చేరుస్తాడు. ఒకరోజు బండి లేవలేదు. మీట నొక్కితే 'టక్' మంది, అంతే. కిక్కు కొట్టినా లాభం లేదు. మెకానిక్కు తొమ్మిదింటికి గానీ రాడు. ఐసు కరిగిపోయింది. ఆ రోజు చేపలు సగం ధరకే అమ్ముకున్నాను.

కిక్కు కొడితే లేవాలి కదా అంటారా? పాత బండ్లు చాలావరకు లేస్తాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో చాలావాటికి పెట్రోలు అందించడానికి చిన్న పంపు ఉంటుంది. ఆ పంపుకి కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కిక్కు కూడా పనిచేయకపోవచ్చు.

బండి లేవలేదని వెంటనే కొత్త బ్యాటరీ కొనకండి. ముందు పక్క మూత గానీ, సీటు గానీ తీసి చూడండి. తీగలు వదులయ్యాయేమో, ఫ్యూజు పోయిందేమో చూడండి. మా వైపు ఉప్పు గాలి. తీగ తగిలించే చోట తెల్లటి పొడి పడుతుంది. ఆ పొడి ఉంటే కరెంటు సరిగా పారదు. మొదటిసారి మా బండికి వచ్చిన జబ్బు అదే. తీగలు విప్పి, వేడినీళ్లలో వంట సోడా కలిపి, పాత బ్రష్షుతో రుద్ది, తుడిచి ఆరబెట్టాం. బండి లేచింది.

రెండోసారి మాత్రం బ్యాటరీయే పోయింది. అప్పటికి దానికి మూడేళ్లు. కొత్తది తెచ్చాం. తమ్ముడు ఊళ్లో లేడు. నేనే 10 నంబరు పానా పట్టుకున్నాను. ఎర్ర తీగ ముందు విప్పబోయాను. పానా రెండో కొస బండి ఇనుముకు తగిలింది. చిటచిటమని నిప్పురవ్వలు! పానా అంచు నల్లగా కాలింది. నా గుండె ఆగినంత పనైంది.

ఎందుకలా అయింది? బ్యాటరీ మీద రెండు గుర్తులుంటాయి. ఒకటి కూడిక గుర్తు (+). ఒకటి తీసివేత గుర్తు (−). లెక్కల్లో నేర్చుకున్నవే. తీసివేత వైపు తీగను బండి ఇనుముకు కలిపి ఉంచుతారు. అంటే బండి ఇనుమంతా తీసివేతే. కూడిక వైపు పానా పెట్టి, అది ఇనుముకు తగిలితే రెండూ కలిసిపోయినట్టే. అదే తీసివేత తీగ ముందే విప్పేస్తే, పానా బండి ఇనుముకు తగిలినా ఏమీ కాదు.

అందుకని నేనిలా గుర్తు పెట్టుకున్నాను. తీసేటప్పుడు తీసివేత ముందు. కలిపేటప్పుడు కూడిక ముందు. తీగ రంగు నమ్మకండి. తీసివేత తీగ ఒక బండికి నల్లగా, ఇంకో బండికి ఆకుపచ్చగా ఉంటుంది. గుర్తు చదవండి.

పని మొదలుపెట్టే ముందు తాళం చెవి తీసేయండి. బంగారమైనా, ఇత్తడైనా గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. పుస్తెల తాడు జాకెట్టులోకి దోపుకోండి. అది రెండు కొనల మధ్య పడితే క్షణంలో కాలుతుంది. బ్యాటరీని బోర్లించకండి. లోపల ఆసిడ్ ఉంటుంది. చీర మీద పడితే ఆ రోజు ఏమీ కనపడదు, ఉతికాక చిల్లులు పడతాయి. ఒంటి మీద పడితే ఎక్కువ నీళ్లతో కడగండి. కంట్లో పడితే పావుగంట సేపు నీళ్లు పోస్తూ కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కొట్లో పాత బ్యాటరీ మీద ఉన్న అంకెలు చూపించి అలాంటిదే అడగండి. మాది 12 వోల్టులది. కార్డు మీద తేదీ, బ్యాటరీ నంబరు రాయించి, ముద్ర వేయించుకోండి. నాకు చదువు రాని రోజుల్లో ఒక కొట్టువాడు ఖాళీ కార్డు ఇచ్చాడు. ఆరు నెలలకే బ్యాటరీ పోయింది. "తేదీ ఏదమ్మా?" అన్నాడు. డబ్బు పోయింది. ఇప్పుడు నేను చదివి చూసుకున్నాకే కొట్టు దిగుతాను.

ఇంకో మాట. మా వైపు కొందరు పాత బ్యాటరీ పగలగొట్టి, సీసం కరిగించి, వలలకు గుండ్లు పోసుకుంటారు. ఆ పొగ, ఆ దుమ్ము విషం. చేతులకు, బట్టలకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. పాకే పిల్లలు నేల మీది చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. సీసం వాళ్ల మెదడును దెబ్బతీస్తుంది. పోయిన తెలివి మందులతో తిరిగి రాదు. మా పెరట్లో కూడా ఒకప్పుడు ఈ పని జరిగింది. మా ఆయనతో గొడవపడి మాన్పించాను. పాతది కొట్టుకే ఇవ్వండి. కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకోవాలని 2001 లోనే ప్రభుత్వం నిబంధన పెట్టింది. 2022 లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఆ బాధ్యత తయారు చేసేవాళ్లదే అన్నారు.

బయట మా బండి ఉంది. పానా తెచ్చాను. వెలుతురు ఉండగానే ఒకసారి విప్పి చూద్దాం. ముందు ఎవరు వస్తారు? గాజులు తీసి రండి.