కారణం కనబడని బాధ – మన కర్తవ్యం
(ధమ్మచక్ర ప్రవర్తన దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను చరిత్ర అధ్యాపకుణ్ణి, వైద్యుణ్ణి కాను. అయినా ఈ రోజు ఒక వ్యాధి విషయం మాట్లాడదలచాను. సరిగా చెప్పాలంటే, వ్యాధి అని పేరు పెట్టలేని బాధను గురించి. ఏళ్ల తరబడి ఒళ్లు నొప్పులు, గుండెదడ, అరికాళ్ల మంటలు, కడుపులో తిప్పు, తీరని నీరసం ఉంటాయి. రక్తపరీక్ష, ఎక్స్‌రే, స్కానింగు అన్నీ చేయిస్తే రిపోర్టులో ‘నార్మల్’ అని వస్తుంది. అలాంటి మనిషి లేని ఇల్లు మన వాడల్లో అరుదు. ఆ మనిషితో ఇంట్లోవారు, వైద్యులు, సమాజం ఎలా నడుచుకోవాలన్నది చిన్న ప్రశ్న కాదు. అది తప్పితే ఏమవుతుందో నేను మా ఇంట్లోనే చూశాను.

ముప్పై ఏళ్ల కిందటి మాట. నేను అప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను. మా అమ్మ వ్యవసాయ కూలీ. ఆమెకు కాళ్లు చేతులు మంటలెత్తేవి. రొమ్ము మీద రాయి పెట్టినట్టుందనేది. నాట్లకు పోయి మధ్యాహ్నానికే గట్టు మీద కూలబడేది. పట్నంలో ఒక ఆసుపత్రికి మూడుసార్లు తీసుకుపోయాం. మూడోసారి డాక్టరు రిపోర్టులు చూసి, తలెత్తకుండానే, “నీకే జబ్బూ లేదమ్మా, అంతా నీ భ్రమ” అన్నారు. బస్సులో అమ్మ నన్ను అడిగింది: “నేను అబద్ధమాడుతున్ననా బిడ్డా?” నా దగ్గర జవాబు లేకపోయింది.

వైద్యం వదిలేసిన చోటును ఊరు ఆక్రమించుకుంది. జబ్బు లేకుండా బాధ ఉన్నదంటే ఎవరో చేసి ఉండాలన్నారు. బాణామతి అన్నారు. రెండు వారాల్లో ఒక పేరు కూడా బయటికి వచ్చింది. ఆమె మా వాడలోనే ఒంటరిగా బతుకుతున్న ఒక అవ్వ. నా చిన్నతనంలో నాకు జ్వరమొస్తే రాత్రంతా తడిబట్ట వేసింది ఆమే. ఒక సాయంత్రం మా మేనమామ, మరి నలుగురు ఆమెను ‘అడగడానికి’ బయలుదేరారు. అడగడమంటే ఏమిటో తెలంగాణ పల్లెల్లో పుట్టినవారికి నేను వివరించనక్కరలేదు. పళ్లు రాలగొట్టడం, చెట్టుకు కట్టెయ్యడం, కొన్నిచోట్ల ప్రాణాలే తియ్యడం. మా నాయన అంతకు ఏడాది ముందే దీక్ష తీసుకుని ఇరవై రెండు ప్రతిజ్ఞలు పలికాడు. ఆయన గుమ్మంలో అడ్డంగా నిలబడి ఒక్క మాట అడిగాడు: “ఆమె చేసిందని నీ కండ్లతో చూసినవా?” చూశామని ఎవరూ అనలేకపోయారు. ఆ రాత్రి గండం గడిచింది. కాని మాట అవ్వ చెవిన పడింది. నెల తిరగకముందే ఆమె ఇల్లు విడిచి కూతురి ఊరికి పోయింది. మళ్లీ రాలేదు.

ఈ అనుభవమే నన్ను ఈ విషయపు చరిత్ర చదివించింది.

కారణం కనబడని బాధకు మనుషులు ప్రతి యుగంలోనూ ఏదో ఒక పేరు పెట్టారు. గర్భాశయాన్ని సూచించే గ్రీకు పదం నుంచి ‘హిస్టీరియా’ వచ్చింది. అంటే తప్పంతా స్త్రీ దేహానిదేనన్న తీర్పు ఆ పేరులోనే ఉంది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఆ తీర్పు నిలవలేదు. కందకాల నుంచి వచ్చిన మగ సైనికులకు ఒంటిమీద గాయం లేకుండానే చూపు పోయింది, మాట పడిపోయింది, కాళ్లు వణికాయి. 1915లో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు ‘షెల్ షాక్’ పేరుతో దీన్ని వైద్య పత్రికలో వర్ణించాడు. అయినా సైన్యం అందరినీ రోగులుగా చూడలేదు. పారిపోవడం, పిరికితనం వంటి నేరాల కింద బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన 306 మందికి 2006లో గాని మరణానంతర క్షమాభిక్ష దక్కలేదు. వారిలో షెల్ షాక్‌కు గురైనవారూ ఉన్నారు. నమ్మకపోవడం కూడా మనిషిని చంపగలదని ఈ చరిత్ర చెబుతున్నది.

చరిత్ర మరో హెచ్చరిక కూడా చేస్తుంది. కడుపులో పుండుకు మానసిక ఒత్తిడే ప్రధాన కారణమని దశాబ్దాల పాటు అనుకున్నారు. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ ఒక సూక్ష్మజీవిని గుర్తించారు. చాలా పుండ్లకు మూలం అదేనని తేలింది. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. 1965లో ఇలియట్ స్లేటర్ అనే మానసిక వైద్యుడు, హిస్టీరియా అని ముద్ర పడిన రోగులలో చాలామందికి తరువాత అసలు జబ్బులు బయటపడ్డాయని చూపాడు. పరీక్షలు మెరుగుపడ్డాక పొరపాట్లు తగ్గాయి. 2005లో ప్రచురితమైన ఒక సమీక్ష ప్రకారం ఇలాంటి నిర్ధారణల్లో పొరపాటు 1950లలో 29 శాతం ఉండగా, 1970ల తరువాత 4 శాతానికి దిగింది. కనుక రెండు మాటలు గుర్తుంచుకోవాలి. జాగ్రత్తగా పరీక్షించి చెప్పిన మాటను అనవసరంగా అనుమానించి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ అప్పుల పాలు కాకూడదు. అలాగే బరువు తగ్గడం, విడవని జ్వరం, రక్తం పడటం, ఒక పక్క కాలు చెయ్యి పట్టు తప్పడం వంటి కొత్త లక్షణం వస్తే, ‘ఇది పాత బాధే’ అని ఊరుకోకుండా వెంటనే చూపించుకోవాలి.

మరి పరీక్షల్లో ఏమీ కనబడనప్పుడు నొప్పి ఎక్కడి నుంచి వస్తున్నది? చెయ్యి తీసేసిన మనిషికి లేని చేతిలో నొప్పి రావడం వైద్యులు ఎప్పుడో గమనించారు. అక్కడ గాయపడటానికి చెయ్యే లేదు. నొప్పి మాత్రం అబద్ధం కాదు. గాయం నుంచి వచ్చే సంకేతం వెన్నుపాములో ఒక ద్వారం వంటిదాన్ని దాటవలసి ఉంటుందని, మెదడు నుంచి దిగే సంకేతాలు ఆ ద్వారాన్ని తెరవనూ మూయనూ గలవని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతం తరువాత ఎన్నో సవరణలు పొందింది. మూలమైన ఎరుక మాత్రం నిలిచింది: నొప్పి గాయం కొలత కాదు, నాడీమండలం ఇచ్చే హెచ్చరిక.

మన ఊరి భాషలో చెబుతాను. ఇంట్లో ఒకసారి దొంగ పడ్డాడు. ఆ తరువాత కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది. దొంగ లేడు నిజమే. మొరుగు నిజం కాదా? ఇంటివారికి నిద్ర పట్టకపోవడం నిజం కాదా? ఒక ఇన్‌ఫెక్షను, ఒక దెబ్బ, ఆప్తుల మరణం, ఏళ్ల తరబడి విశ్రాంతి లేని చాకిరి, నిద్రలేమి, భయం, అవమానం – వీటిలో ఏదైనా, కొన్ని కలిసైనా ఆ హెచ్చరికను అతిగా మేల్కొలపవచ్చు. కొందరిలో మొదలుపెట్టిన కారణం పోయినా మొరుగు ఆగదు. అందుకే 2013లో అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ, ‘వైద్య కారణం దొరకకపోవడం’ అనే పాత షరతును పక్కన పెట్టింది. కారణం దొరికినా దొరకకున్నా, బాధ మనిషి జీవితాన్ని ఎంత ఆక్రమించిందో చూడమన్నది.

ఇక ధమ్మం దగ్గరికి వస్తాను. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి ఒక ప్రశ్న అడిగిన సందర్భం సంయుత్త నికాయంలో ఉంది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమే అనేవారున్నారు, మీరేమంటారని అతను అడిగాడు. బుద్ధుడు దాన్ని అంగీకరించలేదు. పిత్తం, శ్లేష్మం, వాతం, వీటి కలయిక, ఋతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, హఠాత్తుగా తగిలే దెబ్బ, కర్మ అని ఎనిమిది చెప్పాడు. అన్నీ కర్మే అనేవారు తాము స్వయంగా ఎరిగినదాన్నీ, లోకం సత్యమని ఒప్పుకున్నదాన్నీ దాటి మాట్లాడుతున్నారని అన్నాడు. పిత్తశ్లేష్మాలు ఆనాటి వైద్యం. వాటిని పట్టుకుని వేలాడనక్కరలేదు. ఒక బాధకు అనేక కారణాలుంటాయి, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పరాదు అన్న పద్ధతి మనది. బాబాసాహెబ్ ‘బుద్ధుడు–ఆయన ధమ్మం’లో పూర్వజన్మ కర్మ పేరుతో మనిషి దుస్థితిని సమర్థించే వాదాన్ని తిరస్కరించింది ఈ వివేకంతోనే. ‘నీ కర్మ’ అనే మాట రోగి మీద రెండో దెబ్బ.

అదే నికాయంలో రెండు బాణాల పోలిక కూడా ఉంది. దేహబాధ మొదటి బాణం. దానికి తోడు శోకించి గుండెలు బాదుకోవడం రెండోది. ఈ బోధను మనలో కొందరు తప్పుగా వాడుతున్నారు. “రెండో బాణం నువ్వే వేసుకుంటున్నావు, ధ్యానం చేస్తే పోతుంది” అని రోగికి ఉపదేశిస్తున్నారు. మొదటి బాణం లేదని బుద్ధుడు అనలేదు. వృద్ధాప్యంలో ఆయనకే నడుము నొప్పి వచ్చేది. ఉపదేశం ఆనందుడికి అప్పగించి తాను నడుము వాల్చిన సందర్భం సుత్తాల్లో ఉంది. మా అమ్మ విషయంలో రెండో బాణం ఆమె వేసుకున్నది కాదు. ‘భ్రమ’ అన్న డాక్టరు, ‘బాణామతి’ అన్న ఊరు, జవాబు చెప్పలేకపోయిన నేను, మేమందరం వేసినది.

చివరికి ఆమెకు మేలు చేసింది ఒక ప్రభుత్వ వైద్యురాలు. మళ్లీ స్కానింగు రాయలేదు. అరగంట కూర్చోబెట్టి అడిగింది. బాధ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పెరుగుతుంది, నిద్ర ఎంత, ఇంట్లో ఎవరు పోయారు. మా చెల్లెలు పోయిన ఏడాదే అది మొదలైందని అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. “నీ నొప్పి నిజమే. ప్రాణం తీసే జబ్బు కాదు. నెలకోసారి రా” అన్నది. రాత్రిపూట ఒక చిన్న మాత్ర, రోజూ కొంచెం కొంచెం పెంచుతూ నడక. నొప్పి తగ్గించడానికి కూడా మానసిక వైద్యంలో వాడే మందులు ఇస్తారని, దానర్థం పిచ్చి అని కాదని ఓపికగా చెప్పింది. బాధ పూర్తిగా పోలేదు. సగానికి తగ్గింది. అమ్మ మళ్లీ నాట్లకు పోయింది.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పరచానని, మందుమొక్కలు లేనిచోట తెప్పించి నాటించానని ఆయన చెప్పుకున్న రెండవ శిలాశాసనం వాటిలో ఉంది. అంతకు ముందే, ఎవరూ పట్టించుకోక తన మలమూత్రాలలోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు ఆనందునితో కలిసి స్వయంగా కడిగాడు. నాకు సేవ చేయదలచినవాడు రోగికి సేవ చేయాలన్నాడు. ఆ భిక్షువుకు రోగమేమిటో ముందు రుజువు చేసుకోమని ఆయన అడగలేదు. అదే వినయ భాగంలో రోగికీ ఒక ధర్మం చెప్పాడు: బాధ పెరుగుతున్నదో, తగ్గుతున్నదో, అలాగే ఉన్నదో ఉన్నదున్నట్టు చెప్పడం. రోగి అలా చెప్పాలంటే నమ్మి వినేవారు ఉండాలి కదా.

కనుక ఈ సభను నేను కోరేది మూడు పనులు. ఇంట్లో ఎవరైనా బాధ చెప్పినప్పుడు, రిపోర్టు ఏదైనా సరే, ముందు నమ్ముదాం. ఊరూరా తిరగకుండా, ఓపికగా వినే ఒక్క డాక్టరును పట్టుకుని క్రమం తప్పకుండా చూపించుకోవడానికి తోడు పోదాం. మన వాడలో బాణామతి, చేతబడి అన్న మాట పుట్టిన రోజే మన ఉపాసకులు నలుగురు ఆ నింద పడినవారి గుమ్మం ముందు నిలబడదాం. మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్ హత్య తరువాత, 2013లో దురాచారాలపై చట్టం వచ్చింది. చట్టాలు అవసరమే. కాని చట్టం ఊరు చేరేలోపు చేరవలసింది మనమే.

మా నాయన ఆ రాత్రి గుమ్మంలో నిలబడ్డాడు. అది చాలా గొప్ప పని. కాని మర్నాడు ఉదయం మాలో ఒక్కరమైనా ఆ అవ్వ ఇంటికి పోయి, “నువ్వు మా మనిషివే, ఎక్కడికీ పోకు” అని చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె ఊరు విడిచేది కాదని నేను అనుకుంటాను. ఆ పని మిగిలిపోయింది కనుకనే ఈ రోజు మీ ముందు ఇదంతా చెప్పాను.