సొంతంగా వెల్డింగు చేసుకునే రైతుకు మంచి హెల్మెట్టు



హనుమాన్ జంక్షను నాలుగు రోడ్ల కూడలి. ఇటు విజయవాడ, అటు ఏలూరు, ఎగువన నూజివీడు, దిగువన గుడివాడ. నూజివీడు వైపు మెరక, మామిడి తోటలు. గుడివాడ వైపు పల్లం, వరి చేలు, చేపల చెరువులు. ఏ సేద్యానికైనా ఇనుప సామాను విరుగుతూనే వుంటుంది. దమ్ము రోజుల్లో ట్రాక్టరు ఇనుప చక్రం పట్టీ ఊడిందంటే వెల్డింగు షాపు ముందు మన వంతు వచ్చేదాకా నిలబడవలసిందే. నీరు పెట్టిన మడి మనకోసం ఆగదు గదా! అందుకనే చాలామంది రైతులు చిన్న ఇన్వర్టరు మిషను కొని షెడ్డులో పెట్టుకుంటున్నారు. చక్రం పట్టీ, ట్రక్కు తలుపు మడతబందు, గొడ్లసావిడి గేటు తామే అతుకుతున్నారు. కొందరికి ఇది సరదాగా కూడా మారింది. బాగానే వుంది. అయితే నేటి ముచ్చట మిషనును గురించి కాదు, ముఖాన పెట్టుకునే హెల్మెట్టును గురించి.

మిషనుతోపాటు సాధారణంగా వచ్చేది చేతి షీల్డు. ఒక చేత షీల్డు, ఒక చేత రాడ్డు పట్టుకుంటే ముక్కను అదిమిపట్టడానికి మూడో చేయి లేదు. పైగా నిప్పు పుట్టేదాకా ఆ నల్లద్దంలోంచి ఏమీ కనబడదు. అప్పుడు మనవాడు ఏం చేస్తాడు? షీల్డు పక్కన పెట్టి, రాడ్డు కొన అతుకు దగ్గర ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుని ఒక చుక్క అంటిస్తాడు. "ఒక్క చుక్కే గదా" అంటాడు. పొద్దుగూకేసరికి అలాంటివి ముప్పై అవుతాయి. కళ్లు ఒకసారి ఆలస్యంగా మూస్తాడు, ఒకసారి తొందరపడి తెరుస్తాడు.

ఆ మంటలోని అతినీలలోహిత కిరణాలు కంటి ముందుపొరను ఎండదెబ్బలాగా కాలుస్తాయి. నొప్పి వెంటనే తెలియదు. ఆరు గంటలకో, పన్నెండు గంటలకో, అంటే అర్ధరాత్రివేళ, కళ్లలో ఇసుక పోసి నలిపినట్లవుతుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అయితే ఆ రాత్రి కళ్లలో పాలు పిండడం, ఎవరో చెప్పిన చుక్కలు వేయడం మంచిది కాదు. ముఖ్యంగా కంటిని మొద్దుబార్చే మత్తుచుక్కలను సొంతంగా వాడరాదు. అవి నొప్పిని దాచిపెడతాయి, పొర మానడాన్ని అడ్డుకుంటాయి. తెల్లవారగానే కంటి డాక్టరుకు చూపించండి. విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వున్నది. గ్రైండరు రజను కంట్లో గుచ్చుకుంటే మాత్రం తెల్లవారేదాకా కూడా ఆగవద్దు.

ఇక తనంతట తానే నల్లబడే హెల్మెట్టు సంగతి. 1981లో స్వీడను దేశంలోని హోర్నెల్ కంపెనీ దీనిని స్పీడ్‌గ్లాస్ అనే పేరుతో బజారులోకి తెచ్చింది. కాలిక్యులేటరులో అంకెలు నల్లగా కనబడటానికి కారణమైన ద్రవస్ఫటికమే ఇందులోనూ వుంటుంది. నిప్పు లేనప్పుడు అద్దం 3 లేక 4 నంబరు చాయలో, చలువ కళ్లద్దంలాగా వుంటుంది. పని స్పష్టంగా కనబడుతుంది. రాడ్డు అంటుకోగానే ముందున్న సెన్సార్లు వెలుగును పసిగడతాయి, రెప్పపాటుకన్న ఎంతో ముందే అద్దం 9 నుంచి 13 దాకా మనం పెట్టిన నంబరుకు నల్లబడుతుంది. 2.5 మిల్లీమీటర్ల రాడ్డుకు 9 లేక 10, 3.15 రాడ్డుకు 10 లేక 11 సరిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ప్రమాణం ప్రకారం చేసిన అద్దమైతే, అది తేటగా వున్నప్పుడు కూడా అతినీలలోహిత కిరణాలను ఆపుతూనే వుంటుంది. ఆ వడపోత వేరే పొర పని. అటువంటప్పుడు వెయ్యి, రెండు వేల రూపాయల హెల్మెట్టు వున్నవాడు ఇంకా ఖరీదైనది ఎందుకు కొనాలి? ఇది న్యాయమైన ప్రశ్న. నెలకు ఒకసారి గేటు అతికేవాడికి అక్కరలేదనే నా సలహా. ఇనుప చక్రాలు, గొర్రులు, ట్రక్కు చట్రాలు అతికేవాడికి మాత్రం అక్కర వున్నది.

ఎందుకంటారా? చక్రం లోపలికి తల వంచి పట్టీ అడుగున వెల్డింగు చేస్తున్నాం అనుకోండి. చవక హెల్మెట్టుకు సెన్సార్లు రెండే. మధ్యలో ఒక కమ్మీ అడ్డం వచ్చిందంటే రెండూ నిప్పును చూడలేవు. అద్దం ఉన్నట్టుండి తెల్లబడుతుంది, మళ్లీ నల్లబడుతుంది. ఆ మెరుపులతో కళ్లు అలసి, చివరికి మనిషి మళ్లీ కళ్లు మూసుకుని అతకడం మొదలుపెడతాడు. నాలుగు సెన్సార్లుంటే ఏదో ఒకటి నిప్పును చూస్తూనే వుంటుంది. నేనైతే కొనేటప్పుడు మొట్టమొదట అడిగేది ఇదే.

రెండోది, అద్దం మీద నంబర్లు. యూరపు ప్రమాణం ఇ.ఎన్. 379 ప్రకారం చేసిన వాటి మీద 1/1/1/2 అన్నట్లు నాలుగు అంకెలుంటాయి. ఒకటి మేలు, మూడు నాసి. ఆఖరి అంకె ఏటవాలుగా చూసినప్పుడు చాయ ఎంత మారుతుందో చెబుతుంది. చక్రంలో తల దూర్చి పక్కచూపు చూసే మనకు అది ముఖ్యం. కొత్తవాటి మీద ఐ.ఎస్.ఒ. 16321 అని వుండవచ్చు. మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 1179. ఏ ముద్రా లేనిదానిని, ఎంత మెరుస్తున్నా, కొనవద్దు. అద్దం నల్లబడటం మన కంటికి కనబడుతుంది. కిరణాలను ఆపుతున్నదో లేదో కనబడదు.

మూడోది సున్నితం మీట, ఆలస్యం మీట. ఈ రెండూ తిప్పి మార్చుకునేవిగా వుండాలి. మిట్టమధ్యాహ్నం కళ్లంలో పనిచేస్తే ఎండకే అద్దం నల్లబడిపోతుంది. అప్పుడు సున్నితం తగ్గించాలి. వీపు మీద ఎండ పడుతుంటే వెలుగు వెనుకనుంచి దూరి అద్దం లోపల ప్రతిఫలిస్తుంది. తలమీదుగా తువాలు వేసుకోండి, లేదా చోటు మార్చండి. మందపాటి ఇనుము అతికినప్పుడు ఆలస్యం కొంచెం పెంచితే, ఎర్రగా వున్న అతుకు మీద అద్దం తొందరపడి తెల్లబడదు. గ్రైండరు వాడటానికి వేరే మీట వుంటే మంచిదే. ఆ పని కాగానే దానిని మళ్లీ వెల్డింగుకు మార్చడం మరవవద్దు.

అతి సన్నని స్టీలుకు, తక్కువ ఆంపియర్లలో టిగ్ వెల్డింగుకు పనికివస్తుందని చెప్పి ధర పెంచే రకాలున్నాయి. మన రాడ్డు పనికి ఆ ఖర్చు వద్దు. ఆ డబ్బు వెడల్పాటి అద్దం మీద, రంగులు సహజంగా చూపే అద్దం మీద పెట్టండి. పాత ఆకుపచ్చ చాయలో కరిగిన ఇనుమేదో, పైన తేలే చిట్టెమేదో పోల్చడం కష్టం. అది తేటగా కనబడితే అతుకులో చిట్టెం ఇరుక్కోదు.

నలభై అయిదు దాటినవారికి ఒక మాట. "కొత్త హెల్మెట్టు పెట్టినా అతుకు మసకగానే వున్నది" అంటారు. లోపం హెల్మెట్టులో లేదు, అది చత్వారం. హెల్మెట్టు లోపల బిగించే భూతద్దపు పలక విడిగా, తక్కువ ధరకే దొరుకుతుంది. దానిని బిగించే చోటు వున్న హెల్మెట్టే కొనండి. అసలు అది బిగించి చూసిన తరువాత, పాత హెల్మెట్టే చాలుననిపించినా ఆశ్చర్యం లేదు.

బాటరీ మార్చుకునే వీలుండాలి. సోలారు పలక వుంది గదా అని నమ్మవద్దు. చాలావాటిలో లోపల లిథియం బిళ్లలు కూడా వుంటాయి. అవి మార్చలేని రకమైతే అవి అయిపోయిననాడు అద్దం కూడా అయిపోయినట్లే. ముందువైపు ప్లాస్టిక్కు రేకులు రవ్వలు పడి మసకబారుతాయి. విడి రేకులు ఎక్కడ దొరుకుతాయో కొన్ననాడే అడిగి, నాలుగు తెచ్చి వుంచుకోండి. ఈ అద్దాలు సాధారణంగా 55 డిగ్రీల సెంటీగ్రేడు దాకానే సరిగా పనిచేస్తాయి. కనుక రోహిణికార్తె ఎండలో ట్రాక్టరు బానెట్టు మీద పెట్టి అన్నానికి వెళ్లవద్దు.

కొత్తది వచ్చాక పాతది పారవేయవద్దు, అటక మీదికీ ఎక్కించవద్దు. మీరు చక్రం అతుకుతుంటే కమ్మీ పట్టుకుని నిలబడేది ఎవరు? మీ అబ్బాయో, ఇంటావిడో, పాలేరో. "అటు తిరిగి వుండు" అంటాం. తిరిగి చూడకుండా ముక్కను కదలకుండా పట్టుకోవడం ఎవరి తరం? అర్ధరాత్రి కళ్లు మండి లేచేది చాలాసార్లు ఆ పట్టుకున్న మనిషే. పాతది సరిగా నల్లబడుతుంటే దాని ముందు రేకు మార్చి, వారి తలకు బిగించండి. పాతది చేతి షీల్డయితే వారి రెండో చేతికివ్వండి. చూడ్డానికి మూగే పిల్లలను గోడ అవతలికి పంపండి.

పని మొదలుపెట్టేముందు ప్రతిసారీ రెండు హెల్మెట్లనూ చేత్తో పట్టుకుని ఎండవైపు తిప్పండి. సూర్యుణ్ణి చూడనక్కరలేదు, అద్దాన్ని చూస్తే చాలు. నల్లబడకపోతే బిళ్ల మార్చండి. అప్పటికీ నల్లబడకపోతే ఆ పూటకు రాడ్డు ముట్టుకోకుండా, చక్రాన్ని జంక్షనులో షాపుకే తీసుకువెళ్లండి.