కామెర్ల వ్యాధి - రక్తమునందలి క్రొవ్వు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



కండ్లు పచ్చబడి, మూత్రము రంగు ముదిరి, అన్నమనిన వెగటు పుట్టినచో అవి పచ్చకామెర్లని ఇంటిలోని పెద్దలే గుర్తింపగలరు. కాని ఆ సమయమున రక్తములోని క్రొవ్వునందు కలుగు మార్పులు కంటికి కానరావు. వానిని తప్పుగా గ్రహించినచో ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును.

ఆరోగ్య ప్రచారమునకై మేము ఒక గ్రామమునకు పోయినపుడు ఒక రైతు తన తమ్ముని రక్తపరీక్ష కాగితము తెచ్చి చూపెను. "కామెర్లు వచ్చినవి గాని, కొలెస్టరాలు బాగా తగ్గినదండీ, ఇక భయము లేదు" అనెను. మాతో వచ్చిన వైద్యుడు రోగిని చూడగా అతడు మగతలో నుండెను. వెంటనే అతనిని పెద్ద ఆసుపత్రికి పంపవలసి వచ్చెను. ఆ అన్న సంతోషించిన అంకెయే వైద్యునికి ఆందోళన కలిగించినది. ఇందుకు కారణమేమి?

క్రొవ్వు నీటిలో కరగదు. రక్తములో అధికభాగము నీరే. కావున ధాన్యమును బస్తాలకెత్తి బండిమీద పంపినట్లు, కాలేయము క్రొవ్వును మాంసకృత్తులతో కలిపి చిన్న మూటలుగా కట్టి రక్తములోనికి పంపును. కొలెస్టరాలును తయారుచేయుటలో కూడ కాలేయమునకే ప్రధానస్థానము. ఆ మూటలలోని కొలెస్టరాలును తగిన రూపమునకు మార్చు ఎంజైము కూడ అచ్చటనే పుట్టును.

వైరసు చేరి కాలేయము వాచినపుడు ఈ పనులన్నియు కుంటుపడును. ఆ ఎంజైము తగ్గును. మంచి కొలెస్టరాలనబడు హెచ్.డి.ఎల్. పడిపోవును. ట్రైగ్లిసరైడులను క్రొవ్వు తరచుగా కొంత పెరుగును. పిత్తరసము పారుదలకు అడ్డు కలిగినచో మొత్తము కొలెస్టరాలు కూడ పెరుగవచ్చును. వ్యాధి విషమించి కాలేయము శక్తి ఉడిగినచో అది మిక్కిలి తగ్గిపోవును. గాదె ఖాళీ అయినంత మాత్రమున ఇల్లు శుభ్రపడినదని అర్థము కాదు గదా! రోగి కోలుకొనినకొలది ఈ అంకెలు తిరిగి దారికి వచ్చును.

దీనినుండి మనము గ్రహింపవలసినవి మూడు. మొదటిది, కామెర్లలో కొలెస్టరాలు తగ్గుట స్వస్థతకు గుర్తు కాదు. మగత, మాట తడబాటు, ఎడతెగని వాంతులు, రక్తము కారుట కనిపించినచో క్షణమైనను ఆలసింపరాదు. రెండవది, ఆ సమయపు అంకెలను చూచి గుండెజబ్బు మందులను సొంతముగా మొదలిడరాదు, మానరాదు. వైద్యుని అడిగి, కోలుకొనిన పిమ్మట మరల పరీక్ష చేయించవలెను. మూడవది, ఈ మార్పులు తిన్న నూనెవలన వచ్చినవి కావు. కావున చప్పిడి పథ్యము పేరిట రోగిని పస్తు పెట్టరాదు. వెగటు కలిగింపని ఆహారమును కొద్దికొద్దిగా పలుమార్లు ఈయవలెను. సారా మానవలెను. వాతలు పెట్టుటవలన కాలేయమునకు మేలు కలుగదు. పసరు మందులలో కొన్ని దానికి మరింత హాని చేయగలవు.

ఈ క్రొవ్వు మూటల పరిశోధనయే వైద్యశాస్త్రమునకు ఒక గొప్ప మేలు చేసినది. వానిలో మనిషికి మనిషికి గల భేదములను వెదకుచున్న అమెరికా శాస్త్రజ్ఞుడు బరూచ్ బ్లంబర్గ్, ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తమున కొత్త పదార్థమును కనుగొని, 1965లో సహచరులతో కలసి ప్రకటించెను. అది హెపటైటిస్-బి వైరసు పైపొర యని తరువాత తేలినది. ఆయనకు 1976లో నోబెల్ బహుమానము లభించెను. ఆ జ్ఞానమే టీకాకు దారితీసినది. శిశువు పుట్టిన 24 గంటలలోగా మొదటి మోతాదు వేయించుట మరువరాదు.

హెపటైటిస్-సి వైరసు ఆ క్రొవ్వు మూటలతోనే జతపడి రక్తమున సంచరించును. ఏండ్ల తరబడి బయటపడక, కొలెస్టరాలును తగ్గించి చూపును. మాత్రలతో వ్యాధి నయమైన పిమ్మట కొలెస్టరాలు పెరిగినచో అది మందు దోషము కాదు. 2018లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద బి, సి రకములకు పరీక్షలు, చికిత్స ఉచితము.

ఇక ఎ, ఇ రకములు కలుషితమైన నీటిద్వారా వ్యాపించును. ఇచ్చటనే పంచాయతీ బాధ్యత యున్నది. 1955 చివర ఢిల్లీలో యమునానదినుండి నీరు తీసుకొను చోటికి మురుగు చేరెను. క్లోరిను హెచ్చుగా కలిపినను, కొలది వారములలో సుమారు 29,000 మందికి కామెర్లు సోకినవి. అది హెపటైటిస్-ఇ యని దశాబ్దముల పిమ్మట తేలినది. చివరి నెలలలోని గర్భిణులకు ఈ రకము ప్రాణాంతకము కాగలదు.

కావున మురుగు కాలువలోనుండి పోవు మంచినీటి గొట్టములను ముందుగా మార్పించుడు. పగుళ్లను పూడ్పించుడు. చివరి కొళాయివద్ద కూడ లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగులునట్లు చూడుడు. ఒకే వీధిలో రెండు మూడు ఇండ్లలో కామెర్లు కనిపించినచో ఆనాడే ఆరోగ్యకేంద్రమునకు తెలుపుడు. ఆ వీధివారిని నీరు మరిగించి త్రాగుడని చెప్పుడు.

రక్తములోని అంకెలను వైద్యులు చూచుకొందురు. ఊరి నీటిని చూచుకొనవలసినది మనమే.