ఓటమిని పాడిన నాటకం

సికింద్రాబాద్ లాగే కంటోన్మెంటుతో, కలగలిసిన భాషలతో పెరిగిన బళ్లారిలో తెలుగు విషాద నాటకం పుట్టింది. అందుకే సికింద్రాబాద్‌లో జరుగుతున్న ఈ చారిత్రక నాటక సదస్సులో ఆ ఊరిని తలచుకోవడం నాకు సంతోషం.

బళ్లారిలో సరసవినోదినీ సభ నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, నాటకం మంగళాంతమే కావాలన్న కట్టుబాటును 'విషాద సారంగధర'తో దాటారు. కోలాచలం శ్రీనివాసరావు మరో అడుగు వేసి, 1565లో విజయనగర ప్రాభవం కూలిన కథను 'రామరాజు'గా రాశారు. విజయనగర రాజధాని హంపీ శిథిలాలు అప్పట్లో బళ్లారి జిల్లాలోనివే.

ఇది ఎంత తెగువో తెలియాలంటే 1897 నాటి 'ప్రతాపరుద్రీయం'తో పోల్చి చూడాలి. 1323లో కాకతీయుల ఓరుగల్లు పడింది. ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు దారిలోనే కన్నుమూశాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారి నాటకంలో మాత్రం మంత్రి యుగంధరుడు రాజును విడిపించి తెస్తాడు. అది గొప్ప నాటకమే. అయితే చరిత్రలోని దుఃఖాన్ని పక్కకు తప్పించింది.

ఆ దుఃఖాన్ని ఎదుర్కోవడంలో ఇటలీ మనకన్నా ముందు నడిచింది. 1822లో మాంజోనీ రాసిన 'అడెల్కీ' లొంబార్డుల రాజ్యాన్ని షార్లమేన్ జయించిన కథ. కొత్త విజేత వచ్చినంత మాత్రాన అణగినవారికి విముక్తి రాదని అందులోని బృందగానం హెచ్చరిస్తుంది. అప్పటికి ఉత్తర ఇటలీలో ఆస్ట్రియా పెత్తనం సాగుతోంది. మాంజోనీ నాటకాలు చదువరుల మధ్యే ఎక్కువగా నిలిచాయి. చరిత్రను జనంలోకి తీసుకుపోయింది ఆపెరా. 1849 జనవరిలో రోమ్‌లో వెర్దీ 'లెన్యానో యుద్ధం' ఆడినప్పుడు ప్రేక్షకులు చివరి అంకాన్ని మొత్తం మళ్లీ ఆడించుకున్నారు. పద్యానికి వన్స్‌మోర్ కొట్టే మనకు ఆ ఉద్వేగం తెలుసు.

అయితే పాట విషాదాన్ని మోయగలదా, మింగేస్తుందా? వెర్దీ తన 'మాక్బెత్' నాయికకు తీయని గొంతు వద్దన్నాడు. బొంగురుగా, చీకటిగా పలికే గొంతు కోరాడు. 'రామరాజు'లో పఠాను పాత్రతో పేరు పొందిన బళ్లారి రాఘవ కూడా రాగాలాపన నటనను కమ్మేయకూడదన్నారు. ఇద్దరి తీర్పూ ఒకటే: రాగం పాత్ర దుఃఖానికి లోబడి ఉండాలి. నా తీర్పూ అదే.

అలాంటి విషాదానికి మన ముందు గొప్ప వస్తువు ఒకటి ఉంది. తర్వాత గోల్కొండ సుల్తానైన ఇబ్రహీం కుతుబ్‌షా యువకుడిగా విజయనగరంలో అళియ రామరాయల, అంటే ఆ నాటకంలోని రామరాజు, ఆశ్రయంలో ఏళ్ల తరబడి ఉన్నాడు. తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడనిపించుకున్నాడు. హుస్సేన్‌సాగర్ ఆయన ఏలుబడిలో కట్టిందే. ఆ ఇబ్రహీమే 1565లో ఆశ్రయమిచ్చినవాడిపైకి సైన్యం నడిపాడు. దీన్ని రెండు మతాల పోరుగా కుదిస్తే విషాదం చచ్చిపోతుంది. కృతజ్ఞతకూ రాజ్యానికీ మధ్య నలిగిన మనిషిగా అతన్ని చూడాలి.

పరిశోధకులకు నా విన్నపం: బళ్లారి నాటకాలను రాగతాళ వివరాలతో పరిష్కరించి అచ్చు వేయండి. నాటక సమాజాలు 'రామరాజు'ను మళ్లీ ఆడాలి. యువ రచయితలు ఇబ్రహీం కథను పద్యంతో, పాటతో, అబద్ధపు మంగళం పాడకుండా రాయాలి.