మోగ్ యంత్రము – దానిని మోగించినవారు
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో, సంగీత కార్యక్రమానికి ముందు చేసిన ప్రసంగ పాఠం)



2004వ సంవత్సరం మే 18వ తేదీన న్యూయార్క్ నగరంలోని టైమ్స్ స్క్వేర్‌లో, బి.బి. కింగ్ బ్లూస్ క్లబ్ అనే సంగీతశాలలో ఒక ఉత్సవం జరిగింది. దానికి మోగ్‌ఫెస్ట్ అని పేరు. రాబర్ట్ మోగ్ అనే ఇంజనీరు ఎలక్ట్రానిక్ వాద్యాల తయారీ ప్రారంభించి అప్పటికి యాభై ఏళ్లు నిండాయి. ఆంగ్లాక్షరాలను బట్టి ఆయన పేరును చాలామంది 'మూగ్' అని చదువుతారు. ఆయన కుటుంబంలో మాత్రం 'మోగ్' అనే పలుకుతారు. తెలుగు చెవికి ఈ భేదం చిన్నది కాదు. ఒక ఉచ్చారణలో ఆ వాద్యం మూగది, మరొక ఉచ్చారణలో అది మోగేది!

ఆ రాత్రి వేదికపై వాయించినవారిలో ఇంగ్లండుకు చెందిన కీత్ ఎమర్సన్ ఒకరు. రాక్ సంగీతానికి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు విస్తృతిని జోడించిన 'ప్రోగ్రెసివ్ రాక్' బాణీలో కీబోర్డు విద్వాంసుడిగా ఆయన పేరు ప్రపంచమంతటా ప్రసిద్ధం. అమెరికాకు చెందిన బెర్నీ వొరెల్ మరొకరు. ఈయనది ఫంక్ బాణీ. మరి ఐదు రోజులలో డెబ్బై ఏళ్లు నిండనున్న మోగ్ ఆ ఉత్సవంలో ఉన్నారు. సంగీతోత్సవాలలో జనం గాయకుణ్ణీ వాదకుణ్ణీ చూడడానికి వస్తారు; వీణ చేసిన వడ్రంగిని చూడడానికి ఎవరూ రారు. ఇక్కడ మాత్రం వాద్యం చేసినవాని పేరు మీదనే ఉత్సవం జరిగింది, పేరుమోసిన వాదకులు వచ్చి వాయించారు. ఈ గౌరవం ఎక్కడి నుండి వచ్చిందో తెలియాలంటే నాలుగు దశాబ్దాలు వెనుకకు వెళ్లవలసి ఉన్నది.

ఈ కథ ఆరంభమైనది ఉపాధ్యాయుల సమావేశంలో కావడం ఇక్కడి శ్రోతలకు ప్రత్యేకంగా సంతోషం కలిగించే సంగతి. 1963 నవంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ నగరంలో పాఠశాలల సంగీతోపాధ్యాయులు సమావేశమయ్యారు. మోగ్ అప్పటికి ఇంకా పరిశోధక విద్యార్థి. చేతితో తాకకుండానే పలికే 'థెరమిన్' అనే వాద్యాన్ని విడిభాగాలుగా అమ్ముకొంటూ, ఆ సమావేశంలో ఒక బల్ల ముందు నిలబడి ఉన్నారు. హాఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయంలో సంగీతం బోధించే హెర్బర్ట్ డాయిచ్ ఆయనను పలకరించారు. ఆ పలకరింపు మాటలలో పడి, మాటలు పనిలో పడ్డాయి. 1964 వేసవిలో డాయిచ్ ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊరిలోని మోగ్ పనిశాలకు వెళ్లి, తనకు కావలసిన ధ్వనులను వర్ణిస్తూ వచ్చారు. మోగ్ వాటిని వలయాలుగా, తీగలుగా మారుస్తూ వచ్చారు.

అందులో ఒక ముచ్చట చెప్పదగినది. యంత్రం మోగుతున్నది గాని, స్వరానికి ఆరంభమూ ముగింపూ లేవు. వేలు తాకినప్పుడు పుట్టి, వదిలినప్పుడు అణగిపోయే గుణం కావాలని డాయిచ్ కోరారు. మోగ్ ఆయనను ఎదుటి సామానుల దుకాణానికి పంపి, తలుపు గంటకు బిగించే మీట ఒకటి కొనుక్కొని రమ్మన్నారు. కొన్ని సెంట్ల ఖరీదు చేసే ఆ మీట నొక్కితే స్వరం పుట్టింది, వదిలితే అణగింది. మరుసటి ఏడు వ్లదీమిర్ ఉసాచెవ్‌స్కీ అనే స్వరకర్త ఆ గుణాన్ని నాలుగు దశలుగా విభజించి అడిగారు. స్వరం లేవడం, కొంత తగ్గడం, నిలవడం, ఆరిపోవడం. వీణ తీగను మీటినప్పుడు నాదం ఒక్కసారిగా లేచి క్రమంగా సన్నగిల్లుతుంది. వేణువులో ఊపిరి ఉన్నంతసేపు నిలుస్తుంది. ఈ తేడాను అంకెలలో పట్టుకొనే ఉపాయమది. నేటికీ సింథసైజర్లపై ఆ నాలుగు దశలే కనిపిస్తాయి.

యంత్రం పనిచేసే విధానం కూడా పిల్లలకు అర్థం కానిది కాదు. కంపన వేగాన్ని విద్యుత్తు వోల్టేజితో శాసించడం దాని మూలసూత్రం. ఒక వోల్టు పెంచితే కంపనాల సంఖ్య రెట్టింపవుతుంది. అనగా మధ్యస్థాయి షడ్జమం తారస్థాయి షడ్జమం అవుతుంది. ఒక్కొక్క పనికి ఒక్కొక్క పెట్టె. వాటిని కలపడానికి, పాత టెలిఫోను ఎక్స్చేంజిలో వలె, కొనలకు ప్లగ్గులున్న తీగలు. ఒక ధ్వని కావాలంటే ఒక అల్లిక. మరొక ధ్వనికి ఆ తీగలన్నీ పీకి మళ్లీ అల్లవలసినదే.

దీనికి పియానో మెట్లు ఉండాలా వద్దా అన్న వాదం ఒకటి వచ్చింది. ఉండాలన్నది డాయిచ్ పక్షం. అదే కాలంలో కాలిఫోర్నియాలో వేరొక యంత్రాన్ని నిర్మిస్తున్న డాన్ బుక్లా వద్దన్నారు. మెట్లు పెడితే పాత సంగీతమే మళ్లీ పుడుతుందని ఆయన భయం. ఇది తెలిసిన గొడవే. గమకం పలకదన్న ఆక్షేపణతోనే 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని బహిష్కరించి, మూడు దశాబ్దాలు దూరంగా ఉంచింది. బుక్లా వాదంలో సత్యం లేకపోలేదు. కాని మెట్లు ఉండబట్టే ఆ యంత్రం ప్రయోగశాల దాటి వాదకుల చేతికి వచ్చిందని ఒప్పుకోక తప్పదు. ఆ వాద్యం మన దేశానికీ చాలా ముందుగానే వచ్చిందన్న సంగతి ఎందరికో తెలియదు. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో ఒక మోగ్ యంత్రాన్ని నెలకొల్పారు. గీతా సారాభాయి మొదలైనవారు దానిపై ప్రయోగాలు చేశారు.

1968లో వెండీ కార్లోస్ బాఖ్ రచనలను ఈ యంత్రంపై వాయించిన రికార్డు వెలువడింది. ఆ రికార్డు విన్న వేలాదిమందిలో కీత్ ఎమర్సన్ ఒకరు. రికార్డుల దుకాణదారు ఆయనకు దానిని వినిపించారు. ఆ యంత్రం లండనులో మైక్ వికర్స్ అనే సంగీతకారుని వద్ద ఉన్నదని తెలిసి, ఎమర్సన్ దానిని 1970లో ఒక కచేరీకి ఎరువు తెచ్చుకొన్నారు. కచేరీ జరుగుతున్నంతసేపు వికర్స్ యంత్రం వెనుక నక్కి ఉండి తీగలు మారుస్తూ వచ్చారట. రథం కనబడుతుంది గాని సారథి కనబడడు! ఆ పిమ్మట ఎమర్సన్ స్వంతానికి ఒక యంత్రం తెప్పించుకొన్నారు. ఎమర్సన్, లేక్, పామర్ అనే ముగ్గురి బృందం 1970 ఆగస్టు 29న ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలోని సంగీతోత్సవంలో మహాజనసముద్రం ముందు నిలిచింది. రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ 1874లో పియానోకు వ్రాసిన కృతిని తమ ధోరణిలో వాయించి, చివర వేదికపై ఫిరంగులు కూడా పేల్చారు. ఫిరంగుల సంగతి అలా ఉంచితే, ప్రయోగశాలలో పుట్టిన వాద్యం ఆరుబయట లక్షల మంది ఎదుట నిలబడడం అసలు విశేషం.

అదే ఏడు వెలువడిన 'లకీ మ్యాన్' అనే పాట చివర ఎమర్సన్ ఈ యంత్రంపై వాయించిన భాగం నేటికీ ప్రసిద్ధం. చేయి సవరించుకోవడానికి వాయించినట్లు ఆయన భావించి, మళ్లీ వాయిస్తానన్నారు. తోటివారు వినలేదు. మొదటిసారి వాయించినదే రికార్డులో నిలిచిపోయింది.

ఇంత పెద్ద యంత్రాన్ని ఊరూరా తిప్పడం మోగ్ తలపెట్టినది కాదు. వేదిక దీపాల వేడికి దాని శ్రుతి జారిపోయేది. వాదకుడు మాటిమాటికీ సరిచేసుకోవలసి వచ్చేది. ఒక పాటకూ మరొక పాటకూ నడుమ తీగలు అల్లే వ్యవధి ఉండదు గనుక, ముందే సిద్ధం చేసిన ధ్వనులను మీటతో మార్చుకొనే సదుపాయం ఎమర్సన్‌కు చేసి ఇచ్చారు. ఇటువంటి అవసరాలకు సమాధానంగానే మినీమోగ్ పుట్టింది. మోగ్ సంస్థలోని బిల్ హెమ్‌సాత్ భోజన విరామాలలో, మూలపడిన విడిభాగాలతో దాని తొలి నమూనా కట్టారు. తీగల అల్లిక లేదు; చేత పట్టుకొని పోవచ్చును. ఎడమచేతి వద్ద ఒక చక్రం ఉన్నది. దానిని తిప్పితే స్వరం ఒకచోటి నుండి మరొకచోటికి జారుతుంది. హార్మోనియానికి లేని జారు, కంపితం ఈ మెట్ల వాద్యానికి ఈ చిన్న చక్రంతో అబ్బినవి. అందుచేత ఈ వాద్యంలో అన్నిటికంటె గొప్ప భాగం అదే అనవచ్చును.

మినీమోగ్‌తో పేరు తెచ్చుకొన్నవారిలో 'యెస్' బృందపు రిక్ వేక్‌మన్ ముఖ్యులు. తన మొదటి మినీమోగ్‌ను ఒక నటుని వద్ద సగం ధరకే కొన్నానని ఆయన చెబుతుంటారు. రెండు మెట్లు నొక్కినా ఒకే స్వరం పలుకుతున్నది కనుక అది చెడిపోయిందని ఆ నటుడు అనుకొన్నారట! ఒకసారికి ఒకే స్వరం పలకడం దాని స్వభావమని అమ్మినవానికి తెలియదు, కొన్నవానికి తెలుసు.

వాద్యం పేరు లోకమంతా మారుమోగుతున్న కాలంలోనే దాని నిర్మాత కష్టాలలో పడ్డారు. ఆర్డర్లు తగ్గి అప్పులు పెరిగి, 1971లో సంస్థ చేతులు మారింది. 1977లో మోగ్ దానిని విడిచిపెట్టారు. పేరు మాత్రం సంస్థ వద్దనే ఉండిపోయింది. తండ్రితాతల నుండి వచ్చిన ఇంటిపేరును తాను చేసే వాద్యంపై వ్రాసుకొనే హక్కు ఆయనకు లేకపోయింది. నార్త్ కరోలినా కొండలకు వెళ్లి, బిగ్ బ్రయర్ అనే పేరుతో మళ్లీ తొలినాటి థెరమిన్‌లే చేసి అమ్మారు. 2002లో పేరు తిరిగి దక్కింది.

కనుకనే 2004 నాటి ఉత్సవానికి 'మోగ్' అన్న పేరు పెట్టడం సామాన్య విషయం కాదు. ఆనాడు వేదికనెక్కిన ఎమర్సన్‌కూ తన కష్టం ఉన్నది. 1993లో కుడిచేతి నరాల వ్యాధి వలన ఆయన చాలాకాలం వాద్యానికి దూరం కావలసి వచ్చింది. 2004లోనే విడుదలైన 'మోగ్' అనే డాక్యుమెంటరీ చిత్రంలో వీరిని చూడవచ్చును. వేక్‌మన్, వొరెల్ పక్కపక్కన కూర్చొని నవ్వుకొంటూ పాత సంగతులు చెప్పుకొంటారు. గిటారు హోరులో కీబోర్డు వాదకుని గొంతు వినబడని రోజులలో మినీమోగ్ తమకు ఎంత అండగా నిలిచిందో వేక్‌మన్ మాటలలో తెలుస్తుంది. మోగ్ మాత్రం తనను పనిముట్లు చేసేవానిగానే చెప్పుకొన్నారు. పొగడ్త వచ్చినప్పుడు దానిని వాదకుల వైపు మళ్లించడం ఆయన అలవాటు.

మరుసటి ఏడు, 2005 ఆగస్టు 21న, మోగ్ కన్నుమూశారు. 2010లో ఆ ఉత్సవం ఆయన చివరి దశాబ్దాలు గడిపిన ఆష్‌విల్ పట్టణానికి తరలివచ్చింది. ఎమర్సన్ పాత యంత్రానికి సరియైన ప్రతిరూపాన్ని సంస్థవారు నాటి నమూనాలను అనుసరించి నిర్మించి, 2014లో ఆష్‌విల్ ఉత్సవంలో నిలిపారు. తీగలన్నీ మళ్లీ అల్లారు. అప్పటికి డెబ్బైయవ ఏట ఉన్న ఎమర్సన్ వచ్చి, దాని ముందు నిలబడి వాయించారు. ఆయన 2016 మార్చిలో, వొరెల్ అదే సంవత్సరం జూన్‌లో, తలుపు గంట మీట కొని తెచ్చిన డాయిచ్ 2022 డిసెంబరులో మరణించారు.