నగరం నుంచి బస్తరుకు తరలిన కాపురం – కౌమారంలోని పిల్లలు

(ప్రసంగ పాఠం)

ఉద్యోగికి బదిలీ ఉత్తరువు వచ్చిన నాడు ఇంటిలో ముందుగా లెక్కకు వచ్చేవి జీతభత్యాలు, క్వార్టరు, సామాను రవాణా. తండ్రికి చేరిన మరునాటి నుంచే పని ఉంటుంది. తల్లి కొంతకాలం ఇబ్బంది పడి, ఇంటిని ఒక దారికి తెస్తుంది. అయిదేండ్ల పసివానికి అమ్మ ఉన్న చోటే ఊరు. పదునాలుగు, పదహారేండ్ల పిల్లల సంగతి అట్టిది కాదు. ఆ వయస్సులో ఊరంటే స్నేహితులు, బడి, సాయంకాలం ఆడుకొనే మైదానం, నలుగురిలో తనకంటూ ఏర్పడిన పేరు. ఆ ఉత్తరువుపై వారి అభిప్రాయాన్ని ఎవరూ అడుగరు. దాని ఫలితాన్ని మాత్రం అందరికంటె ఎక్కువగా అనుభవించేది వారే.

మహానగరాన్ని విడిచి చిన్న పట్టణానికి తరలే కుటుంబాల అనుభవాన్ని పరిశీలించుటకు బస్తరు తగిన ప్రదేశం. ఆ నేలతో తెలుగువారి సంబంధం నేటిది కాదు. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సుల్తానుల వశమైన తరువాత, ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరులో రాజ్యం స్థాపించినాడని ఆ రాజవంశపు పరంపరాగత కథనం. ఆ వంశీయులు తమను కాకతీయులుగానే చెప్పుకొన్నారు. సంస్థానం 1948లో భారత యూనియన్‌లో కలిసినది. మొదట మధ్యప్రదేశ్‌లో, 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో భాగమైనది. ఒకప్పటి బస్తరు జిల్లా విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కంటె కొంచెం పెద్దది. 1998 నుంచి అది పలు జిల్లాలుగా విభజింపబడుతూ వచ్చినది.

ఆధునిక కాలంలో నగర కుటుంబాలను అక్కడికి రప్పించినది ఇనుప ఖనిజం. దంతెవాడకు దక్షిణాన ఎద్దు మూపురం వలె కనుపించే కొండల వరుస ఉన్నది. బైలాడిలా అన్న పేరుకు అర్థం కూడా అదే. 1958లో ఏర్పడిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో కిరందుల్ వద్ద, 1977లో బచేలి వద్ద యంత్రాలతో ఖనిజం తీయడం ఆరంభించినది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపానుకు పంపుటకై 1960 దశకంలో కొత్తవలస–కిరందుల్ రైలు మార్గం నిర్మింపబడినది. సుమారు 446 కిలోమీటర్ల ఆ దారి తూర్పు కనుమలను ఎక్కి, అరకు, కోరాపుట్, జయపురం మీదుగా జగదల్‌పూర్ చేరి, అక్కడినుంచి దంతెవాడ, బచేలి దాటి కిరందుల్ వద్ద ముగుస్తుంది. సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నందున, ఆ నగరానికీ గనుల పట్టణాలకూ నడుమ కుటుంబాల రాకపోకలు సహజమైనాయి. 2023 అక్టోబరులో జాతికి అంకితమైన నగర్నార్ ఉక్కు కర్మాగారం జగదల్‌పూర్‌కు సమీపంలోనే ఉన్నది. కావున ఈ వలస నేటికీ ముగిసిన కథ కాదు.

హైదరాబాదులో తొమ్మిదవ తరగతి చదివే ఒక బాలికను, ఇంటర్మీడియెట్‌లో చేరబోతున్న ఆమె అన్నను ఊహించుకొనవచ్చును. 2011 జనాభా లెక్కలనాటికే అరువది లక్షలు దాటిన నగరం వారిది. పోవలసినది లక్షకు కొంచెం పైబడిన జనాభా గల జగదల్‌పూర్‌కు, లేదా దానికంటె ఎంతో చిన్నదైన కిరందుల్‌కు. వారికి కలిగే మొదటి ప్రశ్న, “మమ్మల్ని ఎందుకు అడుగలేదు?” అన్నది. పెద్దలు దీనిని పెంకితనంగా భావించి కసరుతారు. నిజానికి అది న్యాయమైన ప్రశ్న.

బస్తరు దసరా గురించి విన్నవారికి ఈ సందర్భంలో ఒక ఆచారం జ్ఞప్తికి రాక మానదు. జగదల్‌పూర్‌లో డెబ్బదియైదు దినాలు సాగే ఆ పండుగలో రావణ దహనం లేదు. అది దంతేశ్వరీ దేవి ఉత్సవం. గ్రామాల నుంచి వచ్చిన జనులు కొయ్యతో పెద్ద రథాన్ని నిర్మించి, తామే లాగుతారు. అంతటి ఉత్సవానికి అనుమతి ఇచ్చేది మీర్గాన్ కులానికి చెందిన ఒక చిన్న బాలిక. ఆమెపై కాఛిన్ దేవి ఆవహించినదని నమ్మి, ముళ్ల ఊయలపై పరుండబెడతారు. ఆమె సరే అన్న తరువాతనే పండుగ ముందుకు సాగుతుంది. రాజు సైతం ఒక బాలిక మాటకై వేచి ఉండిన ప్రదేశానికి కాపురం మార్చే కుటుంబం, తన బిడ్డను ఒక్కమాట అడుగుటలో తప్పేమున్నది? ఉత్తరువును మార్చడం తల్లిదండ్రుల చేతిలో ఉండకపోవచ్చును. ఎప్పుడు బయలుదేరాలి, ఏ బడిలో చేరాలి, ఏ వస్తువులు వెంట తీసుకొనిపోవాలి అన్న నిర్ణయాలలో పిల్లల మాటకు చోటివ్వడం మాత్రం వారి చేతిలోనే ఉన్నది.

చదువు విషయంలో ఆలోచన కంటె ముందుచూపు అవసరం. బదిలీ ఉద్యోగుల పిల్లలకు దేశమంతటా ఒకే పాఠ్యక్రమం ఉండాలన్న ఉద్దేశంతో కేంద్రీయ విద్యాలయాలు 1963లో ప్రారంభమైనాయి. జగదల్‌పూర్‌లోను, బచేలిలోను అట్టి విద్యాలయాలు ఉన్నవి. కేంద్ర మాధ్యమిక విద్యా మండలి తన పరీక్షలకు విద్యార్థుల పేర్లను తొమ్మిదవ, పదునొకండవ తరగతులలోనే నమోదు చేసుకొంటుంది. పదవ, పన్నెండవ తరగతులలో బడి మారుటకు మండలి అనుమతి కావలెను. కావున ఎనిమిదవ తరగతి ముగిసిన వేసవి గాని, పదవ తరగతి ముగిసిన వేసవి గాని ప్రయాణానికి అనువైన కాలం.

తెలుగు రాష్ట్రాల కుటుంబాలు మరచిపోరాని విషయం మరొకటి కలదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ఉన్నత విద్యా ప్రవేశాలలో స్థానికతను ప్రధానంగా చదివిన ప్రదేశాన్ని బట్టి నిర్ణయించినది. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు సంవత్సరాల చదువు అందులో ముఖ్యమైన ఆధారం. ఆ తరువాత రెండు రాష్ట్రాలలోను నిబంధనలు మారుతూ వచ్చినాయి. కొందరు ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులు కూడా ఉండవచ్చును. పన్నెండవ తరగతి పూర్తయిన తరువాత ఈ సంగతి తెలిసి దుఃఖించుటకంటె, సామాను కట్టకముందే వ్రాతపూర్వకంగా తెలుసుకొనడం మేలు.

ఈ చిక్కులన్నీ చూచి, తండ్రి ఒక్కడే వెళ్లి కుటుంబాన్ని నగరంలోనే ఉంచే పద్ధతి కూడా ఉన్నది. బైలాడిలా ఖనిజం చేరిన జపానులో ఈ ఆచారానికి ప్రత్యేకమైన పేరే ఉన్నది. వారు దానిని ‘తన్షిన్ ఫునిన్’ అంటారు. ఒంటరిగా ఉద్యోగానికి వెళ్లడమని దాని భావం. పిల్లల ప్రవేశ పరీక్షలే అక్కడ దానికి ఒక ముఖ్య కారణం. పరీక్ష ఏడాదిలో ఇది అనివార్యం కావచ్చును. కాని సంవత్సరాలు గడిచిన కొలది తండ్రి సెలవులకు వచ్చే అతిథిగా మారిపోయే ప్రమాదం ఉన్నది. బిడ్డకు తండ్రి సలహా ఎక్కువగా కావలసిన వయస్సు కూడా అదే.

కుటుంబమంతా తరలినదనుకొందాము. బడి కుదిరినది, క్వార్టరు దొరికినది. అయినను సమస్య తీరలేదు. గనుల పట్టణంలో కాలనీ ఒక చిన్న నగరం వలె ఉంటుంది. వీధి దీపాలు, ఆసుపత్రి, క్లబ్బు, వివిధ రాష్ట్రాల పండుగలు అన్నీ లోపలనే. కొన్ని కుటుంబాలు సంవత్సరాల తరబడి గేటు దాటకుండా కాలం గడిపి, “అక్కడ ఏమీ లేదు” అని చెప్పి తిరిగి వస్తాయి. పెద్దలు రోజూ ఈ మాట అంటుంటే, దానిని నమ్మిన పిల్లవాడు తన యౌవనారంభాన్ని ఏమీ లేని చోట గడుపుతున్నట్లు కుమిలిపోతాడు.

గేటు బయట ఏమున్నదో తెలుసుకొనుటకు వారపు సంతకు ఒకసారి వెళ్లినను చాలును. ఇప్పపూవు, చింతపండు, తేనె, వెదురు బుట్టలు అక్కడికి వస్తాయి. వేరువేరు తెగలవారు ఒకరితో ఒకరు మాటాడుకొనే హల్బీ భాష వినవస్తుంది. గోండీ మాటలు కూడా చెవిన పడతాయి. రెండు, మూడు, నాలుగు అన్న అంకెలను గోండులు రండ్, మూండ్, నాలుంగ్ అంటారు. పిట్టను పిట్టె అంటారు. నీటిని ఏర్ అంటారు. తెలుగువాడు అదే మాటను పారే ఏటికి వాడుకొన్నాడు. తెలుగు, గోండీ ఒకే ద్రావిడ కుటుంబంలో దగ్గరి శాఖలు. హిందీలో తప్పులు పోతాయని నోరు విప్పుటకు సిగ్గుపడే బాలునికి, ఎదుటివాని భాషలో తన భాష వినిపించడం ఎంత ధైర్యమిస్తుందో చెప్పనవసరం లేదు.

కౌమారాన్ని గురించి కూడా ఆ సమాజం నుంచి తెలుసుకొనవలసినది కలదు. మురియాలలో యువతీయువకులకు ఘోటుల్ అనే సంస్థ ఉండేది. వెరియర్ ఎల్విన్ దానిపై 1947లో ఒక పెద్ద గ్రంథం ప్రకటించినాడు. బయటివారు దానిని గురించి వింత కథలు ఎన్నో చెప్పుకొన్నారు. అక్కడి యువత ఆటపాటలతో పాటు ఊరి సామూహిక పనులను, క్రమశిక్షణను నేర్చుకొన్నదన్న సంగతి మాత్రం తక్కువగా ప్రచారమైనది. నేడు ఆ సంస్థ చాలావరకు సన్నగిల్లినది. ఐనప్పటికీ దాని వెనుక ఉన్న భావం గమనింపదగినది. ఆ వయస్సువారు పిల్లలూ కారు, పెద్దలూ కారు. వారికి తమదైన చోటు, తమదైన బాధ్యత ఉండాలి.

గేటు దాటిన పిల్లలకు సుఖకరమైన విషయాలే తెలుస్తాయని కాదు. ఖనిజపు మట్టి చేరి శంఖినీ నది నీరు ఎర్రబారినదన్న ఆవేదన అక్కడి గ్రామాలలో వినబడుతుంది. తమ దైవమైన నందరాజు కొండను తవ్వరాదని వేలాది గిరిజనులు 2019 జూన్‌లో కిరందుల్‌లో బైఠాయించినారు. తన తండ్రి జీతం ఏ కొండ నుంచి వస్తున్నదో, ఆ కొండను మ్రొక్కేవారు ఎవరో తెలిసికొన్న యువకుడు ఏ విశ్వవిద్యాలయంలోను సులభంగా దొరకని పాఠం నేర్చుకొంటాడు. తానే అన్యాయానికి గురియైనానన్న భావన కూడా అతనిలో కొంత తగ్గుతుంది.

బలవంతంగా ఊరు విడిచినవారి ఎదుట బదిలీ కుటుంబాల కష్టం చిన్నదే. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులకై 1958లో దండకారణ్య పథకం ఏర్పడినది. బస్తరులోని పరల్‌కోట్ ప్రాంతంలో వారికి ఏర్పరచిన గ్రామాలకు పేర్లు పెట్టలేదు, ‘పీ.వీ.’ అన్న అక్షరాలు, ఒక సంఖ్య. నదీముఖ ప్రాంతపు నీటిలో పెరిగినవారు రాతినేలలో వ్యవసాయం నేర్చుకొనవలసి వచ్చినది. దండకారణ్యంలో ఇమడలేక 1978లో వేలాదిమంది సుందరవనాలకు తరలిపోయినారు. నిలిచినవారి పిల్లలు, మనుమలు అక్కడివారే అయినారు.

మరొక వలస తెలుగువారికి ఇంకను దగ్గరిది. 2005 తరువాత దక్షిణ బస్తరులో సాయుధ ఘర్షణలు తీవ్రమైనప్పుడు వేలాది గిరిజనులు ఇండ్లు విడిచి, అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు, గోదావరి తీరానికి చేరినారు. వారి పిల్లలు తెలుగు బడిలో, తెలియని లిపి ఎదుట కూర్చున్నారు. కిరందుల్ బడిలో హైదరాబాదు బాలిక పొందదలచిన ఆదరణనే భద్రాచలం ప్రాంతపు బడిలో ఆ పిల్లలు కూడా కోరుకొన్నారు. బస్తరు మన పిల్లలను ఎట్లు చూడాలని కోరుకొంటామో, బస్తరు పిల్లలను అట్లే చూచే బాధ్యత తెలుగు గ్రామాలపై ఉన్నది. జాతీయ సమైక్యత అనే పెద్ద మాటకు బడి బల్ల మీద కనుపించే అర్థం ఇదే.

కావున బస్తరుకు తరలే కుటుంబానికి కొన్ని సూచనలు చేయవచ్చును. ఉత్తరువు వచ్చిన వారంలోనే పిల్లలకు తెలుపవలెను. వీలైతే ముందుగా ఒకసారి వెంటబెట్టుకొని పోయి ఊరిని, బడిని చూపవలెను. పరీక్షల ఏడాదిలో కదలరాదు. పాత స్నేహాలు తెగిపోకుండ సెలవులలో నగరానికి పంపవలెను. ఇంటిలో తెలుగు చదువు మానరాదు. హల్బీ నాలుగు మాటలైనను నేర్వవలెను. మొదటి మాసాలలో పిల్లల కోపాన్ని కృతఘ్నతగా భావింపరాదు; అది పోగొట్టుకొన్న దానిపై దుఃఖం. నెలలు గడిచినను తిండి, నిద్ర, చదువు మూడూ తగ్గిపోతున్నట్లయితే వైద్యుని సలహా పొందుటకు సందేహింపరాదు.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి మిగిలి ఉన్నది. కాలనీ గోడకు ఆవల ఒక ఇంటిలో బిడ్డకు ఒక స్నేహితుడు గాని, స్నేహితురాలు గాని దొరకవలెను. ఆ ఇంటివారు పండుగకు పిలిస్తే పంపవలెను. వారి బిడ్డను తమ ఇంటికి భోజనానికి పిలువవలెను. ఆ రాకపోకలు మొదలైననాటి నుంచి బస్తరు ఆ పిల్లలకు తండ్రి బదిలీ అయిన చోటు మాత్రమే కాదు. అది తమ ఊళ్లలో ఒకటి.