దారి హక్కు - బండి నిలిపే చోటు

ఇరుగు పొరుగుల మధ్య దారి గురించి, బండి నిలపడం గురించి వచ్చే తగాదాలను ఈనాడు పరిశీలిద్దాం.

ఉత్తర కోల్‌కతాలో, శ్యాంబజార్ వైపు, ఒక పాత ఇంటిని ఊహించుకోండి. అన్నదమ్ములు దాన్ని పంచుకున్నారు. వీధి వైపు భాగం అన్నకు, వెనుక భాగం తమ్ముడికి వచ్చాయి. వెనుక ఇంటికి అన్న వాటాలోని 3 మీటర్ల సందు తప్ప వేరే దారి లేదు. అన్న కొడుకు కారు కొని ఆ సందులో నిలిపాడు. కారు వెడల్పు 1.7 మీటర్లు అనుకుంటే మిగిలేది 1.3 మీటర్లు. మనిషి నడవగలడు, అంబులెన్సు మాత్రం పట్టదు. వెనుక ఇంట్లో గుండెజబ్బు మనిషి ఉంటే ఈ చిన్న తీసివేత ప్రాణాల లెక్క అవుతుంది.

నేల అన్నది. మరి తమ్ముడి హక్కు ఏమిటి? ఒకరి స్థలాన్ని అనుభవించడానికి పక్కవారి స్థలం మీద ఉండే పరిమితమైన హక్కును ఈజ్‌మెంట్ అంటారు. దారి హక్కు అందులో ఒకటి. అది ముఖ్యంగా మూడు విధాలుగా కలుగుతుంది.

మొదటిది దస్తావేజు. కోల్‌కతా దస్తావేజుల్లో 'కామన్ పాసేజ్' అన్న మాట తరచుగా కనిపిస్తుంది. రెండవది అవసరం. ఒకే ఆస్తిని విడదీసినప్పుడు ఒక భాగానికి అసలు దారే లేకపోతే ఈ హక్కు పుడుతుంది. కాస్త దగ్గర దారి కావాలంటే మాత్రం కుదరదు. మూడవది దీర్ఘకాల వాడకం. 20 ఏళ్లు బహిరంగంగా, శాంతంగా, అంతరాయం లేకుండా, హక్కుగా నడిస్తే అది స్థిరపడుతుంది. ప్రభుత్వ భూమి మీదైతే 30 ఏళ్లు కావాలి. 'హక్కుగా' అన్న మాటను గమనించండి. పక్కవారి అనుమతితో నడిస్తే ఎన్నేళ్లయినా హక్కు రాదు.

ఇక్కడ చరిత్రలో ఒక వింత ఉంది. ఈజ్‌మెంట్ల చట్టం 1882లో వచ్చింది. నాటి దేశ రాజధాని కలకత్తాయే. అయినా ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికి, అంటే మన కోస్తా, రాయలసీమలకు వర్తించింది కాని బెంగాల్‌కు వర్తించలేదు. పశ్చిమ బెంగాల్‌లో 20 ఏళ్ల నియమం 1963 నాటి కాలపరిమితి చట్టం 25వ సెక్షన్ నుంచి వస్తుంది. మన పల్లెలో పుంత తగాదాకు, కోల్‌కతా సందు తగాదాకు చట్టాలు వేరు, సూత్రం మాత్రం ఒకటే.

ఇక బండి సంగతి. నడిచేవాడు దాటిపోతాడు, నేల మళ్లీ ఖాళీ అవుతుంది. నిలిపిన కారు నేలను ఆక్రమించుకుని ఉంటుంది. అందుకే పక్కవారి స్థలంలో బండి నిలిపే హక్కును కోర్టులు జాగ్రత్తగా చూస్తాయి. 2001లో ఇంగ్లండు అప్పీలు కోర్టు, పనిదినాల్లో పగలంతా ఆరు కార్లు నిలిపే హక్కు ఇస్తే యజమానికి మిగిలేదేమీ ఉండదని తిరస్కరించింది. 2007లో స్కాట్లండు కేసులో ప్రభువుల సభ మరోలా తీర్పు చెప్పింది. అక్కడ ఇల్లు నిటారు వాలు కింద ఉంది, కారు పైవరకే వెళ్తుంది. కనుక దారి హక్కులోనే బండి నిలిపే హక్కూ ఇమిడి ఉందని తేల్చింది.

మన ఉదాహరణకు వద్దాం. సొంత నేల అయినా తమ్ముడి దారికి గణనీయంగా అడ్డు తగిలేలా అన్న కారు నిలపరాదు. అయితే తమ్ముడిది కాలిదారి హక్కా, వాహనాల హక్కా? 1882 చట్టం ప్రకారం ఒక రకం దారి హక్కులో మరో రకం ఇమిడి ఉండదు. దస్తావేజులో 'నడవడానికి' అని మాత్రమే రాసుకుంటే అంబులెన్సు గురించి అతడు వాదించడం కష్టం.

కాబట్టి పంపకాల నాడే టేపు పట్టి కొలవండి. వెడల్పు ఎంత, ఏ వాహనాలు వెళ్లవచ్చు, ఎవరు ఎక్కడ నిలపాలి, మరమ్మతు ఖర్చు ఎవరిది అన్నవి పటంతో సహా రాసి రిజిస్టరు చేయించాలి. తగాదా వస్తే గోడ పడగొట్టడం, టైరు కోయడం నేరాలు. లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు, లేదా కోర్టు నుంచి నిషేధాజ్ఞ కోరవచ్చు.

ఈ వారం మీ ఇంటి సందును కొలవండి. ఒక కారు నిలిస్తే ఎంత మిగులుతుందో లెక్కకట్టి, ఇంట్లో పెద్దలకు చూపండి.